గుంటుపల్లి గుహలో ఒక చుట్టిల్లు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి రాయి కొంత అపురూపమైన వస్తువు. నుయ్యి త్రవ్వితే మన్ను, దాని క్రింద ఇసుక, ఆ క్రింద మళ్ళీ బంకమన్ను. గుడి కట్టాలన్నా, రేవుకు మెట్లు వేయాలన్నా రాయి పడవ మీదనో బండి మీదనో ఎక్కడినుంచో రావలసినదే. అందుచేత మన పూర్వులు ఇక్కడ మన్నుతో, కొయ్యతో, వెదురుతో, తాటాకుతో ఇండ్లు కట్టుకొన్నారు. అవి నిలిచేవి కావు. వరద కొన్నిటిని తీసికొనిపోయినది. చెద కొన్నిటిని తిన్నది. నిప్పు కొన్నిటిని కాల్చినది. రెండువేల యేండ్ల క్రిందట ఈ ప్రాంతపు వడ్రంగి ఇంటికప్పును ఎట్లా కట్టేవాడో తెలుసుకోవాలని ఎవరైనా బయలుదేరితే, డెల్టాలో వారికి చూపడానికి మనవద్ద ఏమీ లేదు.

ఆ ఆధారం మెట్టసీమలో, కొండ కడుపులో ఉన్నది.

ఏలూరికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన, కామవరపుకోటకు చేరువలో, జీలకర్రగూడెం అనే చిన్న పల్లె కలదు. ఆ పల్లెను ఆనుకొని ఉన్న ఇసుకరాతి కొండలోనివే గుంటుపల్లి గుహలు. చిరకాలం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిన ఈ చోటు, 2022 లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు ఏలూరు జిల్లాలో చేరినది. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్ది ప్రాంతంలో బౌద్ధ భిక్షువులు ఈ కొండను ఆశ్రయించి, గుహలు తొలిపించుకొని నివసించినారని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఆనాటి శాసనాలలో ఈ కొండకున్న పేరు మహానాగపర్వతం.

గుహలు అనగానే మనకు అజంతా జ్ఞాపకం రావడం సహజం. రంగురంగుల బోధిసత్త్వులు, రాణివాసాలు, ఏనుగులు, తామరకొలనులు గోడలనిండా ఉంటాయని ఊహించుకొని గుంటుపల్లికి వెళ్ళినవారు, కొండ దిగి వచ్చేటప్పుడు కొంచెం చిన్నబోయిన ముఖంతో వస్తారు. ఇక్కడ అటువంటి చిత్రాలు లేవు. అజంతాలో మనలను ముగ్ధులను చేసే చిత్రాలలో అధికభాగం క్రీస్తు తరువాత అయిదవ శతాబ్దికి చెందినవి. అంతకు ఆరేడు వందల యేండ్ల ముందే అక్కడ 9, 10 సంఖ్యలు గల చైత్యగుహలను తొలిచినారు. గుంటుపల్లి ఆ తొలితరపు గుహలకు తోబుట్టువు. ఆ తరంలో బుద్ధుని విగ్రహాన్ని మలచే ఆచారం ఇంకా రాలేదు. స్తూపమే బుద్ధునికి గుర్తు. దానికి ప్రదక్షిణం చేయడమే పూజ. కనుక ఇక్కడ చూడవలసినది గోడమీది బొమ్మను కాదు, గుహ ఆకారాన్ని.

ఈ గుహలలో మొదట చెప్పుకోవలసినది వలయాకారపు చైత్యగృహం. కొండ ముఖాన్ని చెక్కి, గుర్రపులాడం ఆకారంలో ఒక తోరణాన్ని ముందుకు పొడుచుకొని వచ్చేటట్లు తీర్చినారు. దాని క్రింది ద్వారంలోనుంచి లోపలికి పోతే, సుమారు 18 అడుగుల అడ్డుకొలత గల గుండ్రని గది. గది నడుమ, అదే రాతిలో విడిచిపెట్టిన స్తూపం. దాని చుట్టూ మనిషి నడవడానికి సన్నని ప్రదక్షిణమార్గం. వెలుతురు వచ్చేది ఆ ద్వారంలోనుంచే. బయటి ఎండలోనుంచి వచ్చినవారు ఒక్క నిమిషం కదలక నిలబడాలి. కన్ను చీకటికి అలవాటు పడిన తరువాత, తల పైకెత్తి చూడాలి.

పైకప్పు గుమ్మటంలాగా వంగి ఉన్నది. అది నున్నగా లేదు. గోడ అంచునుంచి శిఖరం దాకా వరుసగా రాతి వాసాలు లేచిపోయి ఒకచోట కలుసుకొంటున్నవి. గొడుగు విప్పి క్రిందనుంచి చూస్తే దాని పుల్లలు ఎట్లా కనబడుతవో అట్లా.

నేను మొదటిసారి వెళ్ళిన నాడు మాతో కోనసీమనుంచి వచ్చిన పెద్దాయన ఒకడు ఉన్నాడు. వయసులో ఉండగా తాటాకు ఇండ్లు కప్పిన చేయి అది. శాసనాలు, శతాబ్దాలు అని మేము మాట్లాడుకొంటూ ఉంటే ఆయన వినడం లేదు. మెడ వెనక్కు వంచి, చాలాసేపు పైకే చూచి, చివరకు అన్నాడు: "ఇది రాయి కొట్టేవాడి బుర్రలో పుట్టింది కాదండి. ఇల్లు కట్టేవాడి బుర్రలో పుట్టింది. ఇది చుట్టిల్లు గదా బాబూ!"

ఆయన అన్న ఆ మాటలో ఈ గుహ రహస్యమంతా ఉన్నది.

తీరప్రాంతం వారికి చుట్టిల్లు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గుండ్రని మట్టిగోడ, దాని మీదనుంచి నడినెత్తికి చేరే వాసాలు, వాసాలపైన తాటాకు, నేలను అంటబోతున్నట్లు క్రిందికి దిగిన చూరు. గాలివానకు ఆ ఇంటిలో చిక్కే మూల లేదు. అందుచేతనే సముద్రపు గాలులకు ఎదురొడ్డవలసిన ఊళ్ళలో ఆ ఆకారం ఇంతకాలం నిలిచినది. ఆ ఇంటికి వాసం అవసరం. వాసం లేకపోతే ఆకు నిలవదు, కప్పు కూలుతుంది. కాని కొండలో తొలిచిన గదికి వాసాలతో పని ఏమిటి? అక్కడ కప్పు అంటే కొండే. దానిని మోయడానికి ఏ దూలమూ అక్కరలేదు. ఒక్క వాసమైనా లేకుండా నున్నగా చెక్కి విడిచిపెట్టినా ఆ గుమ్మటం కూలదు. పైగా వాసాలను విడిచిపెట్టి, వాటి నడుమ రాతిని తొలగించడం ఎంతో శ్రమతో కూడిన పని.

ఆ శ్రమ ఎటువంటిదో ఒకసారి ఊహించుకోండి. ఇల్లు కట్టేవాడు క్రిందనుంచి పైకి పోతాడు: పునాది, గోడ, చివరకు కప్పు. గుహ తొలిచేవాడు సాధారణంగా పైనుంచి క్రిందికి వస్తాడు. ముందు కప్పు పూర్తి చేసి, తన కాళ్ళ క్రింది రాతినే మెట్టుగా వాడుకొంటూ, దానినే తొలుచుకొంటూ దిగుతాడు. అందువల్ల పరంజా కట్టే పని తప్పుతుంది. కాని ఒక కష్టం ఉన్నది. కట్టేవాడు తప్పు చేస్తే ఇటుక తీసి మళ్ళీ పెట్టవచ్చును. తొలిచేవాడు ఉలిదెబ్బ ఒకటి ఎక్కువ వేస్తే, ఊడిన రాయి తిరిగి అతుకుకోదు. నడుమ స్తూపం రావాలంటే ఎంత రాతిని ముట్టుకోకుండా విడవాలో మొదటి దెబ్బ వేసేనాటికే మనసులో తేలి ఉండాలి. ఇంత కష్టపడి, అక్కరలేని వాసాలను ఎందుకు చెక్కినట్లు?

దీనికి సమాధానం మన పెండ్లిండ్లలో దొరుకుతుంది. నేడు పెండ్లి సిమెంటు కప్పు గల పెద్ద మంటపంలో జరిగినా, ఆ కప్పు క్రిందనే కొబ్బరాకుతో పందిరి వేస్తారు. ఎండ తగలదు, వాన పడదు. పందిరితో నిజానికి అవసరం లేదు. అయినా పందిరి లేనిదే అది పెండ్లి అని మన మనసుకు తోచదు. శుభకార్యం ఏ రూపంతో పెనవేసుకొన్నదో, ఆ రూపాన్ని వదులుకోవడానికి మనిషి ఒప్పుకోడు. ఆనాటి పూజాగృహం కొయ్యతో కట్టిన కప్పు క్రింద ఉండేది. భక్తుడు తల యెత్తితే వాసాలు కనబడేవి. కొండలోనికి పూజను తీసికొనిపోయినప్పుడు, ఆ వాసాలను కూడ వెంట తీసికొనిపోయినారు.

ఇది ఊహ మాత్రమే కాదు. పడమటి కనుమలలోని భాజా, కార్లే గుహలలో రాతికప్పుకు నిజమైన కొయ్యవాసాలనే బిగించినారు. వాటిలో కొన్ని రెండువేల యేండ్లు దాటినా నేటికీ నిలిచి ఉన్నవి. మోయవలసిన బరువు ఏమీ లేకపోయినా కప్పుకు కొయ్య కావాలని ఆనాటివారు అనుకొన్నారనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. బిహారులో బరాబర్ కొండలలో, అశోకుడు తన పరిపాలనలో 12వ యేట ఆజీవకులనే సన్యాసులకు దానం చేసిన సుదామగుహ ఉన్నది. దాని లోపలి గది అచ్చంగా గుండ్రని గుడిసె. రాతిలో చూరుకూడ చెక్కినారు. ఆ ప్రక్కనే ఉన్న లోమశఋషి గుహకు వడ్రంగి పనిని పోలిన తోరణద్వారం కలదు. గుంటుపల్లి ద్వారతోరణాన్ని పండితులు దానితోనే పోలుస్తారు. పూనా వైపు జున్నరులో, తుల్జా గుహలలో కూడ ఒక గుండ్రని చైత్యం ఉన్నది. అక్కడ స్తూపం చుట్టూ 12 స్తంభాలు నిలిపినారు. మన గుంటుపల్లిలో స్తంభాలు లేవు. చుట్టిల్లు చుట్టిల్లుగానే ఉన్నది.

ఈ కొయ్య జ్ఞాపకం గుహలతో ఆగిపోలేదు. గుంటుపల్లి ద్వారం మీది గుర్రపులాడపు తోరణం, కొయ్యకప్పు గల ఇంటికి ముంగిట కనబడే అంచే. అదే ఆకారం తరువాతి శతాబ్దాలలో చిన్నదై, అలంకారమై, దేవాలయాల విమానాల మీదికి ఎక్కినది. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల కాలపు గుడులను చూచినవారికి విమానం మీద వరుసలుగా ఉన్న ఆ చిన్న గూళ్ళు గుర్తుండి ఉంటవి. తాటాకు ఇంటినుంచి రాతి గుడిదాకా వచ్చిన దారిలో గుంటుపల్లి ఒక మజిలీ.

గుండ్రని చైత్యం చూచిన తరువాత మిగిలినవి చూడటం సులభం. కొండ ప్రక్కగా భిక్షువుల విహారాలు ఉన్నవి. గదులు ఒకదాని ప్రక్క ఒకటిగా, కొలతకు అంతగా లొంగకుండా తొలిచినవి; వాకిండ్లపైన ఇక్కడకూడ గుర్రపులాడపు తోరణాలే. భిక్షువు ఏడాది పొడుగునా ఒకచోట ఉండరాదు. వానకాలంలో మాత్రం తిరగడం మాని ఒకచోట నిలవాలి. దానిని వర్షావాసం అన్నారు. గోదావరి పొంగి పల్లపు దారులు మునిగే నెలలలో ఈ మెట్ట కొండ వారికి ఎంత అనువైనదో డెల్టావాసులకు వేరుగా చెప్పాలా? భిక్ష దొరికే ఊళ్ళకు మరీ దూరం కాదు; ఊరి సందడి చెవిని పడేటంత దగ్గర కాదు.

కొండమీద ఇటుకతో కట్టిన చైత్యగృహపు పునాదులు, రాతిపలకలు తొడిగిన స్తూపం, మొక్కుబడిగా కట్టించిన చిన్న చిన్న స్తూపాలు పదుల సంఖ్యలో కనిపిస్తవి. తరువాతి కాలంలో వచ్చిన బుద్ధవిగ్రహాలు కూడ దొరికినవి. అనగా ఈ చోటు ఒక తరంలో పుట్టి ఒక తరంలో అణగినది కాదు. అనేక శతాబ్దాలపాటు జనం వచ్చి, కట్టి, మ్రొక్కి పోయినారు.

వారిలో కొందరు తమ పేర్లను కూడ విడిచి వెళ్ళినారు. ఇక్కడి రాతిస్తంభాలమీద ఒకే శాసనాన్ని బ్రాహ్మీలిపిలో మళ్ళీ మళ్ళీ చెక్కించినారు. 1968 లో డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యం దీనిని ప్రకటిస్తూ, ఇది కళింగ చక్రవర్తి ఖారవేలునిదని చదివినారు. తరువాత డి. సి. సర్కారు ఆ అక్షరాలను తిరిగి పరిశీలించి, అందులోని రాజు అదే మహామేఘవాహన వంశానికి చెందిన సిరిసదుడని నిర్ణయించినారు. రాజు ఎవరైనా, మంటపాన్ని దానం చేసినవాడు రాజు కాడు. ఆ రాజువద్ద వ్రాతపని చేసే చూళగోముడనే లేఖకుడు. కచేరీలో కలం పట్టి జీవించిన ఉద్యోగి ఒకడు, కూడబెట్టుకొన్నదానితో నలుగురు నీడన కూర్చోవడానికి ఒక మంటపం కట్టించినాడన్నమాట. మరొక శాసనం గుహకు మెట్లు కట్టించిన పుణ్యాన్ని చెప్పుతున్నది. నేడు కొండ ఎక్కుతూ మెట్ల మధ్య ఆయాసంతో నిలిచినప్పుడు, ఆ దాత విలువ మనకు తెలుస్తుంది.

గుంటుపల్లికి దక్షిణాన, ఏలూరికి వెళ్ళే దిక్కున, పెదవేగి ఉన్నది. శాలంకాయన రాజుల రాజధాని వేంగి అదే. క్రీస్తుశకం ఏడవ శతాబ్దిలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగు ఇక్కడ ఇరవైకి పైగా సంఘారామాలను, మూడువేలకు మించిన భిక్షువులను లెక్క వ్రాసినాడు. ఆ సంఘారామాలలో అధికభాగం మట్టిలో కలిసిపోయినవి. గుంటుపల్లి ఎట్లా మిగిలినది?

ఆలోచిస్తే రెండు కారణాలు తోస్తవి. మొదటిది రాయి. అమరావతి మహాస్తూపపు పలకలు సున్నపురాయి. అందుచేత వాటిలో ఎన్నింటినో కాల్చి సున్నం చేసుకొన్నారు. మరికొన్నింటిని ఇండ్లకు, కట్టడాలకు తరలించుకొని పోయినారు. గుంటుపల్లిది ఇసుకరాయి, కాలిస్తే సున్నం రాదు. కొండలో భాగమైన గుహను ఎత్తుకొని పోవడానికీ వీలులేదు. రెండవది భక్తి. భిక్షువులు వెళ్ళిపోయి, వారి ధర్మం మరపునపడిన తరువాత, చుట్టుప్రక్కల పల్లెలవారు చైత్యంలోని స్తూపాన్ని శివలింగంగా భావించి ధర్మలింగేశ్వరుడని పేరు పెట్టి కొలిచినారు. చరిత్ర తెలియని పొరబాటు అని దీనిని నవ్వి కొట్టివేయరాదు. దీపం పెట్టే చోట గునపం వేయడానికి ఎవరికీ చేయి రాదు. ఆ పేరులో ధర్మమనే మాట నిలిచి ఉండటంకూడ గమనించదగినది.

ఇప్పుడు ఈ గుహలు కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. ఐనా రక్షణ అంతా కాపలావానిదే అనుకోరాదు. ఇసుకరాయి మెత్తనిది. చేతితో రాస్తే రేణువులు రాలుతవి. మేకుతో గీస్తే గీత లోతుగా పడుతుంది. రెండువేల యేండ్ల క్రిందటి లేఖకుడు మంటపం కట్టించి తన పేరు వ్రాయించుకొన్నాడు. ఏమీ కట్టించకుండా గోడమీద పేరు చెక్కుకొని పోవడం అతని ప్రక్కన నిలబడదగిన పని కాదు. పిల్లలకు ఈ ఒక్కమాట ముందే చెప్పి తీసికొని వెళ్ళాలి.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. విజయవాడ దగ్గర గుంటుపల్లి అనే ఊరు మరొకటి ఉన్నది. అక్కడ ఉన్నది రైలుపెట్టెల కర్మాగారం, గుహలు కావు. త్రోవ అడిగేటప్పుడు కామవరపుకోట, జీలకర్రగూడెం పేర్లు చెప్పాలి. ఏలూరు మీదుగా వచ్చేవారు పెదవేగిని కూడ చూచుకొని రావచ్చును. కార్తికంనుంచి మాఘం దాకా ప్రయాణానికి మంచికాలం. వేసవిలో ఆ రాతిమీద నడవడం కష్టం. ప్రొద్దుటే బయలుదేరి, త్రాగేనీరు, భోజనం వెంట తీసికొని వెళ్ళడం మేలు. మెట్లు ఎక్కలేని వృద్ధులు ఉంటే తొందరపెట్టకుండా, ఆగి ఆగి ఎక్కించాలి.

వృద్ధులను ఇంటివద్ద విడిచి వెళ్ళవద్దనే నా మనవి. దానికి కారణం ఉన్నది. మన తీరగ్రామాలలో చుట్టిండ్లు నానాటికీ తగ్గిపోతున్నవి. వాటి స్థానంలో కాంక్రీటు కప్పుల ఇండ్లు వచ్చినవి. నిప్పుకూ తుపానుకూ భయపడి బ్రతికినవారికి అది మేలే, దానికి విచారించనక్కరలేదు. కాని వాసం ఏది, చూరు ఏది, ఆకు ఎట్లా కుట్టేవారు అని అడిగితే చూపించి చెప్పగలవారు ఇంక ఎంతకాలం ఉంటారు? ఆ తరం వెళ్ళిపోయిన తరువాత గుంటుపల్లి కప్పు మన పిల్లలకు వట్టి గీతల రాయిగా కనబడుతుంది. కట్టిన ఇల్లు పోయి, రాతిలో దాని నీడ మాత్రం మిగులుతుంది. ఆ నీడ దేనిదో చెప్పేవారు ఉండరు.

కనుక తాతను, మనుమని కలిపి ఆ గుహలోకి తీసికొని వెళ్ళండి. కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. తరువాత, పలకమీద వ్రాసిన చరిత్రను చదివి వినిపించడానికి ముందు, కప్పును తాతగారికి చూపించి, అది ఏమిటని అడగండి.